నాలుగో గది వెనక గోడ

మూసాపేటలో మెట్రో స్తంభాలు దాటి లోపలికి పోతే, లారీలు బాగుచేసే షెడ్ల వెనకాల ఒక పాత కోల్డ్ స్టోరేజీ ఉంది. ఐస్‌క్రీములూ, బఠానీలూ, చేపలూ దాచే నాలుగు గదులు. మొదటి మూడు గదుల్లోకి హమాలీలు కూనిరాగాలు తీసుకుంటూ పోతారు, వస్తారు. నాలుగో గది గడప దగ్గరికి వచ్చేసరికి రాగం ఆగిపోతుంది.

ఆ గదిలోకి ఎవరూ ఒంటరిగా పోరు. పొద్దుగూకాక ఇద్దరు కలిసైనా పోరు.

లోపల్నుంచి ఎవరో తలుపు కొడతారు... అదీ ఆ గది మీదున్న మాట. లోపల మనిషన్నవాడు లేనప్పుడే కొడతారట. అందులోనూ కరెంటు పోయి, మిషన్లన్నీ ఆగి, ఎక్కడి చప్పుడు అక్కడ సద్దుమణిగినప్పుడు — టక్... టక్... అని. విన్నవాళ్లు పలకకూడదు. తలుపు మాత్రం అస్సలు తీయకూడదు.

కొట్టేది సాయిలు అంటారు. అక్కడే హమాలీగా ఉండేవాడు. ఒక దసరా ముందు సాయంత్రం గది వెనక భాగంలో సరుకు సర్దుతుంటే, లోపల మనిషున్నాడో లేడో చూసుకోకుండా ఎవరో తలుపు వేసేశారు. పండగని అందరూ ఊళ్లకు పోయారు. మళ్లీ తలుపు తీసిననాడు సాయిలు తలుపుకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని ఒకడు భుజం తట్టాడట. తట్టిన చెయ్యి వెనక్కి తీసుకుని, వాడు ఆ రోజే పని మానేసి పోయాడు.

కళ్యాణికి ఈ సంగతంతా తెలుసు. తెలిసే వెళ్లింది.

ఆమెది మదీనాగూడ. పుట్టి పెరిగిందీ అక్కడే. ఉద్యోగం హైటెక్ సిటీలో. వాళ్ల కంపెనీ ఒక విదేశీ ఓడల సంస్థకు పనిచేస్తుంది. ఆ సంస్థ ఓడ ఒకటి ఏటా ఆకురాలే కాలంలో, సముద్రం గడ్డకట్టకముందే, ఉత్తర ధ్రువం దిక్కున గ్రీన్‌లాండ్ తూర్పు తీరానికి యాత్రికులను తీసుకుపోతుంది. అక్కడ కొండల నడుమకు చొచ్చుకొచ్చే సన్నటి సముద్రపు పాయలుంటాయి, ఫ్యోర్డులంటారు. ఏ ఫ్యోర్డులో ఓడ ఎక్కడుందో, ఎదురుగా కనబడే మంచుకొండ పేరేంటో యాత్రికులకు చూపించే కంప్యూటర్ తెరలన్నీ కళ్యాణి చేతుల మీదుగా తయారైనవే. కళ్లు మూసుకుని ఆ తీరాన్ని గీయగలదు. ఒక్కసారీ చూడలేదు.

ఈసారి యాత్రలో తెరలను కనిపెట్టుకుని ఉండటానికి ఓడ మీదికి ఒక మనిషి కావాలన్నారు. కళ్యాణి అందరికంటే ముందు చెయ్యెత్తింది.

ఆఫీసంతా నవ్వింది. ఎందుకంటే ఏసీ చలికే శాలువా కప్పుకుని కూర్చునే మనిషి ఆమె.

"మీరు మంచులోకి వెళ్తారాండీ?" అన్నాడు పక్క సీటు హేమంత్. మంచివాడే, కానీ అతనికీ ఆ ప్రయాణం మీద కన్నుంది. "ఇక్కడ పాతిక డిగ్రీలకే వణికిపోతుంటారు. అక్కడ మధ్యలో దిగిపోతానంటే ఓడ ఆపరండీ."

ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకోవడానికి కారణముంది... తనకు కూడా లోపల అదే భయం.

ఓడ వాళ్లు పంపిన ఎర్రకోటు కొరియర్లో వచ్చిన రోజే ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. చిన్నమ్మ కొడుకు శేఖర్ ఆ కోల్డ్ స్టోరేజీలోనే సూపర్‌వైజర్. కోటు వేసుకుని కాసేపు ఆ చలిలో నిలబడి చూస్తే, తట్టుకోగలదో లేదో తేలిపోతుంది కదా?

"పాగల్ అయినవా అక్కా?" అన్నాడు శేఖర్ ఫోన్లో. "మా ఓనర్‌కు తెలిస్తే నా నౌకరి పోతది."

"ఎవ్వరికీ తెల్వకుండనే వస్త. జర సేపు. అంతే."

రెండు రోజులు నసిగి ఒప్పుకున్నాడు. ఆగస్టు వానలో, ఆఫీసు నుంచి నేరుగా, భుజాన కోటు సంచితో ఆమె మూసాపేటలో దిగింది. అప్పటికే చీకటి పడింది. హమాలీలు గేటు దగ్గర రేకుల కింద చాయ్ తాగుతూ లారీ కోసం చూస్తున్నారు. వాళ్ల కంటబడకుండా శేఖర్ ఆమెను పక్క సందులోంచి తీసుకుపోయాడు. మొదటి మూడు గదుల్లో సరుకు ఎక్కించే పని ఇంకా ఉంది. మిగిలింది నాలుగోదే.

తలుపు ముందు శేఖర్ ఆగాడు.

"అక్కా... ఇంకో దినం చూద్దామా?"

"నీకు గూడ భయమేనా?"

"నాకేం భయం. కరెంటు పోతే చలి తగ్గి లోపటి రేకులు సాగుతయి, టక్కుమంటయి. గదే మందికి దెయ్యం." అని, గొంతు తగ్గించి, "కానీ జల్దీ రా," అన్నాడు.

ఆమె కోటు తొడుక్కుంది. జేబులో ఉన్న చేతితొడుగులు వేసుకోలేదు... ఫొటో తీసుకోవాలి కదా. కాళ్లకు ఆఫీసు బూట్లే. తలుపు ఆమె వెనకాల మెత్తగా, పరుపు మీద దిండు పడ్డట్టు మూసుకుంది.

లోపల తెల్లటి దీపం. అటూ ఇటూ మనిషికంటే ఎత్తుగా పేర్చిన డబ్బాలు, వాటి మధ్య సన్నటి దారులు. పైన పెద్ద ఫ్యాన్లు గుర్రుమంటున్నాయి. ఆమె నోట్లోంచి పొగ వచ్చింది. చిన్నపిల్లలా ఇంకోసారి ఊదింది. ముక్కు మొద్దుబారుతోంది, చెవులు చురుక్కుమంటున్నాయి. అయినా కోటు లోపల ఒళ్లు వెచ్చగా ఉంది. తట్టుకోగలదు! ఫొటో తీసుకుంది. హేమంత్‌కు పంపాలనుకుంది. సిగ్నల్ లేదు.

అప్పుడు దీపం ఆరిపోయింది.

ఫ్యాన్లు మూలుగుతూ, మూలుగుతూ... ఆగాయి.

అంత చీకటిని ఆమె ఎన్నడూ చూడలేదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే.

"శేఖర్?"

వస్తాడులే అనుకుంది. ఫోన్ వెలుగులో తలుపు దగ్గరికి నడిచింది. లోపల్నుంచి నెట్టి తెరిచే కడ్డీ ఉంది. నెట్టింది. కదల్లేదు. కడ్డీ చుట్టూ మంచు రాయిలా గట్టిపడి ఉంది. గోళ్లతో గీకింది, భుజంతో నెట్టింది. ఉహూఁ. ఇంతలో ఫోన్ కూడా చలికి ఆరిపోయింది.

బయట జరిగింది ఆమెకు తర్వాతే తెలిసింది. కరెంటు పోగానే శేఖర్ జనరేటర్ వేద్దామని వానలో ఉరికాడు. షెడ్డు మెట్ల మీద కాలు జారి, తల సిమెంటు అంచుకు కొట్టుకుని, అక్కడే స్పృహ తప్పి పడిపోయాడు. కళ్యాణి ఆ గదిలో ఉందని అతనికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

ఆమె తలుపు బాదింది. అరచేతులతో, తర్వాత పిడికిళ్లతో.

ధన్... ధన్... ధన్!

బయట అడుగుల చప్పుడు! ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా గట్టిగా బాదింది.

అడుగులు ఆగిపోయాయి. ఒక కేక. తర్వాత అవే అడుగులు... వెనక్కి, వచ్చినదానికంటే వేగంగా.

ఆమెకు అర్థం కాలేదు. తలుపుకు చెవి ఆనించింది. కాసేపటికి మళ్లీ అలికిడి. ఈసారి చాలామంది. మందమైన తలుపు అవతల, నూతిలోంచి వచ్చినట్టు ఒక ముసలి గొంతు —

"సాయిలన్నా... మేం నీకేం పాపం చెయ్యలే అన్నా... నీకు దండం పెడత... పో..."

కళ్యాణి పిడికిలి గాలిలోనే నిలిచిపోయింది.

బయటివాళ్లకు దెయ్యం ఎవరో కాదు... తనే.

"నేను మనిషిని!" అని అరిచింది. "సాయిలును కాను! తలుపు తియ్యుండ్రి!" గొంతు చీరుకుపోయేలా అరిచింది. ఆ అరుపు తలుపు దాటేసరికి మాటలన్నీ అరిగిపోయి ఒట్టి మూలుగే మిగిలింది కాబోలు... బయట ఎవరో ఘొల్లుమన్నారు. ఇంకెవరో ఫోన్లో భజన పెట్టారు, గట్టిగా. తలుపు చప్పుడు వినబడకుండా.

ఆమె కొట్టిన కొద్దీ భజన పెరిగింది.

ఎంతసేపు కొట్టిందో తెలియదు. చేతులు తనవి కానట్టయ్యాయి. కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. విచిత్రంగా, చలి కూడా తగ్గినట్టనిపించింది. హాయిగా ఉంది. కొంచెంసేపు కళ్లు మూసుకుంటే...

ఓడ వాళ్లు పంపిన వీడియోలో ఒక మాట ఉంది: చలి పట్టిన మనిషికి కూర్చోవాలనిపిస్తుంది, కూర్చోకండి. అది గుర్తొచ్చాకే తెలిసింది — తాను ఎప్పుడో కూర్చుండిపోయింది. తలుపుకు ఆనుకుని. మోకాళ్లు ముడుచుకుని.

సాయిలు కూర్చున్న చోట.

తేలు కుట్టినట్టు లేచింది. ఉన్న బలమంతా పోగుచేసి తలుపును ఇంకోసారి బాది, ఆగింది. భజన కూడా పాటకూ పాటకూ మధ్య ఆగింది.

ఆ నిశ్శబ్దంలో...

టక్.

తలుపు దగ్గర కాదు. వెనక నుంచి. గది ఆ చివర, చీకట్లోంచి.

ఆమె ఊపిరి బిగబట్టింది. రేకులు సాగుతాయని చెప్పాడు కదా శేఖర్. రేకులే. రేకులే అయ్యుంటాయి. ఎందుకు చేస్తోందో తెలియకుండానే, తలుపును మెల్లగా రెండుసార్లు తట్టింది.

టక్... టక్.

బదులు వచ్చింది.

ఆమె వెన్ను తలుపుకు అతుక్కుపోయింది. ముందు ఆ చప్పుడు. వెనక తెరుచుకోని తలుపు. ఇక్కడే ఉంటే ఏమవుతుందో తెలుసు. అటు పోతే ఏముందో తెలియదు. ఏడుపొచ్చింది... కన్నీళ్లు చెంప మీదే బిగుసుకున్నాయి.

"ఎవరు?" అంది గుసగుసగా.

టక్... టక్.

కళ్యాణి తలుపును వదిలి, చీకట్లోకి అడుగు వేసింది.

చేతులు చాచి డబ్బాలు తడుముకుంటూ నడిచింది. ఒక దారి మూసుకుపోయింది, డబ్బాలు అడ్డం. ఆగిపోయింది. టక్... ఎడమ పక్క నుంచి. ఆ పక్కకు తిరిగింది. మోకాలికి ఏదో తగిలి పడింది, లేచింది. ఎటుపోతోందో మరిచిపోయింది. టక్... టక్. కొంచెం దగ్గరగా. పిలిచినట్టు. తొందర పెట్టినట్టు.

చివరికి చేతికి చల్లటి గోడ తగిలింది. అరచేయి దాని మీద ఆనించింది. సరిగ్గా ఆ అరచేయి కిందే —

టక్.

ఆమె చెయ్యి తీసేసింది. అంతే, ఆ తర్వాత చప్పుడు ఆగిపోయింది.

ఒళ్లు తూలి, గోడ వెంట కిందికి జారింది. కాలికి ఒక గొట్టం తగిలింది. మంచు కరిగిన నీళ్లు బయటికి పోయే గొట్టం. దానిలోంచి సన్నగా వెచ్చటి గాలి వస్తోంది. వాన వాసన, దాని వెంట అగరొత్తుల వాసన. ఆమె నేల మీద పడుకుని గొట్టానికి నోరు ఆనించింది.

"ఎవరన్నా ఉన్నరా... తలుపు తియ్యుండ్రి... సచ్చిపోతున్న..."

చాలాసేపు వాన చప్పుడు మాత్రమే. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, దూరంగా, వణుకుతూ.

"ఎవరూ?"

"అమ్మా! నేను కళ్యాణిని. శేఖర్‌కు అక్కను. నాలుగో గదిల పడ్డ..."

"మనిషివేనా?"

"మనిషినే అమ్మా. నీకు దండం పెడత."

గొట్టం అవతల అడుగుల చప్పుడు దూరమైంది. కానీ కొద్దిసేపటికి తలుపు దిక్కున పెద్ద గలాటా వినిపించింది. "ఆడదాని గొంతు పెట్టి పిలుస్తుండు, తియ్యకు!" అని మగగొంతులు. "తప్పుకోండ్రి!" అని ఒకే ఒక్క ఆడగొంతు. గొళ్లెం లాగిన చప్పుడు.

టార్చి వెలుగు లోపలికి వచ్చింది. కళ్యాణి డబ్బాలు పట్టుకుంటూ, పడుతూ లేస్తూ, ఆ వెలుగు వైపు నడిచింది. ఎర్రకోటూ, కనుబొమల మీద తెల్లటి మంచూ చూసి హమాలీలు చెట్టుకొకడు పుట్టకొకడు పరిగెత్తారు. గడపలో ఒక్క మనిషే మిగిలింది. తడిసిన చీర, చేతిలో టార్చి. ఆవరణ ఊడ్చే పోచమ్మ.

సాయిలు పెళ్లాం.

ఆయన పోయిననాడు ఆమె సిద్దిపేటలో కూతురి కాన్పు దగ్గర ఉంది. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత కూడా ఆ చోటు వదిలి పోలేదు. నాలుగో గదికి వెనక గోడ ఆనుకుని ఉన్న చిన్న రేకుల గదిలోనే ఉంటోంది. లోపల చప్పుడైన ప్రతిసారీ తలుపు తీస్తానని ఉరికేది, హమాలీలు పట్టుకుని ఆపేవాళ్లు.

పోచమ్మ కళ్యాణిని రెండు చేతులా పట్టుకుని బయటికి లాగింది. తన కొంగుతో ఆమె ముఖం తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ, ఆమె భుజం మీదుగా చీకటి గదిలోకి టార్చి వేసి చూసింది.

"లోపట ఇంకెవ్వరు లేరా బిడ్డా?"

"లేరమ్మా," అంది కళ్యాణి.

పోచమ్మ టార్చి ఆర్పింది.

శేఖర్‌ను వెతికి పట్టుకుని, ఇద్దర్నీ దవాఖానకు తీసుకుపోయారు. అతనికి తలకు కుట్లు పడ్డాయి. కళ్యాణి కాలివేళ్లు నల్లబడలేదు, దక్కాయి. కోటే కాపాడిందన్నాడు డాక్టరు. మర్నాడు పక్క మంచం మీద నుంచి శేఖరే ఆ చిక్కు కూడా విప్పాడు.

"ఆ వెనక గోడ అవతల పోచమ్మ ఉంటది గదక్కా. కొట్టింది ఆమెనే. పొద్దుగాల మనల్ని చూడనీకి వచ్చినప్పుడు అడిగిన, కొట్టిన అన్నది."

కళ్యాణి పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. తాను ఆమెను దెయ్యమనుకుంది. ఆమె తనను మొగుడనుకుంది. ఓనరు కేకలు వేశాడు గానీ, ఆ వారంలోనే తలుపు కడ్డీ మార్పించి, లోపల అలారం గంట పెట్టించాడు. శేఖర్ నౌకరీ కూడా నిలబడింది.

ఆఫీసులో హేమంత్ ఈసారి నవ్వలేదు. "నిజంగా వెళ్తారా ఇంకా?" అని మాత్రం అడిగాడు.

వెళ్లింది. సెప్టెంబరులో.

ఆ సాయంత్రం ఓడ ఒక ఫ్యోర్డులో లంగరు వేసి ఉంది. రెండు పక్కలా ఆకాశాన్ని కోస్తున్నట్టు నల్లటి కొండలు. వాటి పాదాల దగ్గర కుంకుమ చల్లినట్టు ఎర్రబారిన గడ్డి, పొదలు. నీళ్ల మీద ఇళ్లంత మంచుగడ్డలు కదలకుండా నిలబడ్డాయి. ఇంజను ఆపేశారు. పై డెక్కు మీద కళ్యాణి ఒక్కతే ఉంది. అక్కడైతే ఇంటర్నెట్ బాగా అందుతుంది.

ఫోన్ మోగింది. తెర మీద శేఖర్, అతని పక్కన పోచమ్మ. వెనకాల మూసాపేట చీకటి, ఎక్కడో మెట్రో రైలు పోతున్న చప్పుడు.

"అక్కా, నీతోని మాట్లాడాల్నని ఒక్కటే సతాయిస్తుంది," అన్నాడు శేఖర్.

కళ్యాణి ఫోన్ తిప్పి మంచుకొండలు చూపించింది. పోచమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంతా మంచేనా బిడ్డా? అమ్మో... గంత చలిల ఒక్కదానివే నిలబడ్డవా? కూసోకు మరి. తిరుక్కుంట ఉండు."

"కూసోను లే అమ్మా."

"ఒక్క మాట అడుగుదామని ఫోన్ చేపించిన. నాకు నిద్రపడ్తలేదు." పోచమ్మ తెరకు దగ్గరగా వచ్చింది. "ఆ దినం అంత చీకట్ల, గన్ని డబ్బాల నడుమకెళ్లి, సీదా నా గోడ కాడికే ఎట్ల రాగలిగినవు? మావోళ్లకు లైటు ఉన్నా తొవ్వ దొరకది."

"నువ్వే గదమ్మా తెచ్చినవు," అని నవ్వింది కళ్యాణి. "నువ్వు కొట్టే చప్పుడు పట్టుకునే వచ్చిన. నేను తప్పు తొవ్వల పోయినప్పుడల్లా మళ్ల కొట్టినవు. గోడ మీద చెయ్యి పెడితే చేతి కిందనే కొట్టినవు."

పోచమ్మ తల అడ్డంగా ఊపింది. మంచు మీదుగా వచ్చిన గాలి ఫోన్లో హోరుమంది.

"నేను ఒక్కసారే కొట్టిన బిడ్డా."

"ఏందమ్మా?"

"తలుపు బాదుడు ఇని, ఆయననే అనుకొని ఒక్కసారి కొట్టిన. మళ్ల లోపట్నుంచి చప్పుడొచ్చింది. నాకు భయమైంది. ఇన్నేండ్లు ఎదురుచూసి గూడ భయమైంది. బయటికి ఉరికి వాన్ల నిలబడ్డ. గొట్టంల నీ గొంతు ఇనే దాక నేను ఆ గోడ దిక్కు పోనే లేదు."

తెర మీద శేఖర్ ముఖంలో నవ్వు చెరిగిపోయింది.

కళ్యాణి తన కుడి అరచేతిని చూసుకుంది. తొడుగు వేసుకుని ఉంది. అయినా, ఆ అరచేతి మధ్యలో ఎవరో ఇప్పుడే వేలితో తట్టినట్టు అనిపించి, పిడికిలి బిగించింది.

పోచమ్మ ఫోన్‌ను శేఖర్ చేతిలోంచి తీసుకుని, రెండు చేతులతో పట్టుకుంది. ఆ కళ్లలో భయం లేదు. ఇంకేదో ఉంది.

"అయితే ఆయన ఉన్నడు," అంది, గుసగుసగా. "ఉన్నడు గదా బిడ్డా?"

దెయ్యాల్లేవని జీవితమంతా వాదించిన మనిషి కళ్యాణి. బిగించిన పిడికిలి మెల్లగా విప్పింది.

"ఉన్నడమ్మా," అంది.